మూడు లీటర్లు తాగి యాడికి పోవాలె

ఇది ఒక మహాసంగ్రామ గాథ. ఇందులో ఒక కోట ఉంది. గద్వాల జిల్లా వాళ్లం, కోట లేకుండా కథ చెబితే పరువు పోతుంది. ఆ కోటకు ఇనుప తలుపు, తలుపుకు పెద్ద తాళం, తాళం చెవికి ఒక కాపలా మనిషి, తలుపు బయట ఏళ్లకేళ్లు దాహంతో నిలబడ్డ సైన్యం, చివరికి కోట ముట్టడి, అన్నీ ఉన్నాయి.

వెన్ను నిటారుగా పెట్టుకుని కూర్చున్నవాళ్లు ఇక వాలిపోవచ్చు. ఇది అయిజ పక్కన మా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల బాత్రూం గురించి. సైన్యం అంటే పదో తరగతి ఆడపిల్లలం. దాహం మాత్రం నిజమే.

మా బళ్లో ఆడపిల్లలు నీళ్లు తాగరు. తాగొద్దని ఎవరూ చెప్పలేదు, గోడ మీద ఎవరూ రాయలేదు. గోడ మీద రాసింది దీనికి ఉల్టా: నీరే ప్రాణాధారం. కానీ ఆరో తరగతిలో చేరిన పిల్ల మొదటి వారంలోనే పెద్ద పిల్లల్ని చూసి నేర్చుకుంటుంది. పొద్దున ఇంట్లో చాయ్ సగమే. మధ్యాహ్న భోజనంలో చారు ఎక్కువ పడితే పళ్లెం వంచి పారబోయడమే. అన్నం గొంతుకు అడ్డం పడితే వీపు మీద చరుస్తాం గాని గ్లాసు అందించం. సాయంత్రం గంట కొట్టగానే ఇళ్లకు పరుగు, బ్యాగు వాకిట్లో, మనిషి దొడ్లో. ఆ పరుగు చూసి మా ఆటల సారు ఒకరోజు, "గిట్ల గ్రౌండ్ల ఉరుకుతే ఒక్క మెడలన్న వచ్చేది కద" అన్నాడు. ఎవరూ ఆగి జవాబు చెప్పలేదు. ఆగే పరిస్థితి కాదు.

బాత్రూం లేక కాదు. ఉంది. గులాబీ రంగు గోడలు, తలుపు మీద సీతాకోకచిలుక బొమ్మ. పెద్ద సార్లు తనిఖీకి వచ్చిన రోజు తాళం తీసేవారు, ఫొటో దిగేవారు, మళ్లీ వేసేవారు. మేము అడిగితే అటెండరు అనే మాట ఎప్పుడూ ఒకటే: "ఇస్తే ఖరాబు జేస్తరు." వాడితే పాడవుతుంది కాబట్టి వాడకూడదు. ఈ లెక్కన మా పుస్తకాలను, మమ్మల్ని కూడా తాళం వేసి దాచాల్సింది.

అంతకుముందు బడి వెనక సర్కారు తుమ్మ కంప ఉండేది. ముళ్లు గీరుకున్నా చాటు ఉండేది. నేను తొమ్మిదిలో ఉండగా బడి అందంగా ఉండాలని ఆ కంప మొత్తం కొట్టించి మొక్కలు నాటించారు. మొక్కలు మోకాలెత్తు. వాటి చాటుకు కోడి పోగలదు, అది కూడా వంగి.

నా పక్కన కూర్చునేది మా మేనమామ కూతురు. నాకంటే నెలల పెద్దది, అందుకని నాకు వదిన. వరస అలాంటిది గనుక ఎంత తిట్టుకున్నా తప్పు లేదు, రోజూ తిట్టుకునేవాళ్లం. లెక్కలు బాగా చేసేది. పది అయ్యాక వనపర్తిలో పాలిటెక్నిక్ చదవాలని ఆమె ఆశ. నా ఆశ ఆమె వెనక బెంచీలో కూర్చుని జవాబులు చూసి రాయాలని. ఇద్దరం ఒకరికొకరం పనికొచ్చేవాళ్లమే.

ఆ ఎండాకాలం ముగిసి బడి తెరిచిన కొన్నాళ్లకు వదిన బెంచీ మీద ఒక పక్కకు ఒరిగి కూర్చోవడం మొదలుపెట్టింది.

"ఏందే, కుర్చీ పోయిన సర్పంచ్ లెక్క కూసున్నవ్?" అన్నాను.

"నవ్వియ్యకే, నొప్పి లేస్తుంది."

"యాడ?"

అటూ ఇటూ చూసి, నా చెవిలో "మంట" అంది. ఎక్కడో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. మా తరగతిలో సగం మందికి అది తెలిసిన మంటే. వదినకు దాంతోపాటు నడుం నొప్పి, సాయంత్రానికి వణుకు, జ్వరం.

జ్వరం అని ఇంట్లో చెప్పొచ్చు. నడుం నొప్పి అని కూడా చెప్పొచ్చు. ఆ మూడో సంగతి అమ్మకైతే గొణగొచ్చు, నాన్నకు మాత్రం చచ్చినా చెప్పకూడదు. కాబట్టి మా అత్తకు తెలిసింది "వేడి చేసింది" అని, మామకు తెలిసింది "జ్వరం" అని. అవ్వ, అంటే మామకూ మా అమ్మకూ తల్లి, రాయచూరు వైపు నుంచి వచ్చిన మనిషి, దిగులు పడితే నోట్లో కన్నడం వస్తుంది. "ఏనాయితు, ఏనాయితు", ఏమైంది ఏమైంది అనుకుంటూ సబ్జా గింజలు నానబెట్టి, మజ్జిగ తాగించి, బొడ్డు చుట్టూ ఆముదం రాసింది. ఊరి ఆర్‌ఎంపీ సూది వేసి, మూడు రంగుల గోళీలు పొట్లం కట్టి ఇచ్చాడు. జ్వరం దిగింది. వదిన బడికి వచ్చింది. జ్వరం కూడా వచ్చింది.

ఒక పొద్దున ప్రార్థనలో, ప్రతిజ్ఞ కోసం చెయ్యి ముందుకు చాపి నిలబడ్డ వదిన ఆ చాపిన చెయ్యితోనే పడిపోయింది. భారతీయులందరూ నా సహోదరులు అనే మాట వరకు వచ్చాం. సహోదరులంతా చుట్టూ గుమిగూడి గాలి రాకుండా చేశారు. ఒకరు ఉల్లిగడ్డ తెమ్మన్నారు, ఒకరు తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టమన్నారు. ఆ గుత్తి అటెండరు దగ్గర ఉంటుంది, దాంట్లో బాత్రూం చెవి కూడా ఉంటుంది. వదిన మొత్తానికి ఒకసారైనా ఆ చెవిని ముట్టుకుందన్న మాట. తెలుగు మేడం వచ్చి వదిన ముఖం మీద నీళ్లు చల్లి, గ్లాసు పెదాలకు ఆనించింది. వదిన పళ్లు బిగించింది. స్పృహ సగమే ఉన్నా మా బడి పిల్ల మా బడి పిల్లే.

"పొద్దున తినకుండ వస్తరు, ఇగ డ్రామాలు" అన్నాడు హెడ్మాస్టర్ సారు. తర్వాత మైకులో ఆరోగ్యమే మహాభాగ్యం అని పది నిమిషాలు చెప్పాడు, ఎండలో నిలబెట్టి.

ఇక్కడ మా ఊరి పంట సంగతి కాస్త చెప్పాలి. మా దిక్కున విత్తనాల పత్తి వేస్తారు. అందులో పువ్వుకు పువ్వు చేత్తో కలపాలి. సాయంత్రం మొగ్గ గిల్లి, పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటాం. వానాకాలంలో క్రాసింగ్ మొదలైతే బళ్లో బెంచీలు ఖాళీ అవుతాయి, ఎందుకంటే ఆ పనికి సన్న వేళ్లు కావాలి. మామ కౌలుకు తీసుకున్న చేనులో పువ్వు రాగానే వదిన బడి మానేసి చేనుకు పోయింది.

చేనుకు పోయాక వదిన బాగైపోయింది.

జ్వరం లేదు, వణుకు లేదు. ముఖానికి రంగు వచ్చింది. ఆదివారం నేను చేనుకు పోతే పువ్వులు రుద్దుతూ పాట పాడుతోంది. గట్టు మీద బిందె, బిందె మీద చెంబు. దాహమైతే తాగడం, అవసరమైతే పక్కనున్న జొన్న చేనులోకి పోవడం. రెండో చెంబు తాగి మూతి తుడుచుకుంటూ నా వైపు చూసి, "చేన్ల బాగుంటున్ననే. గదే పరేషాన్" అంది.

పరేషాన్ ఎందుకో ఆ పూటే తెలిసింది. అన్నం తింటుంటే మామ తీర్పు చెప్పాడు.

"సూస్తున్నరు కద. బడికి పోతే పండుకుంటది, చేనుకొస్తే పాట పాడ్తది. పిల్లకు బడి పడ్తలేదు."

"పడకపోవుడేంది?" అంది అత్త.

"కొందరికి వంకాయ పడది. గట్లనే."

అవ్వ అందుకుంది. "ఆ బడి కట్టిన జాగనే మంచిది కాదురా. మునుపు ఆడ ఏం పాతిపెట్టినరో ఏందో."

"ఇంకెందుకు, దస్రా అయినంక టీసీ తెచ్చేస్త. ప్రాణం మంచిగుంటే సాలు, సదువు ఏం జేసుకుంటం?"

నాకు కోపం వచ్చింది, ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టుకోవాలో తోచలేదు. ఎందుకంటే వాళ్లు చెప్పింది నిజం. బడే ఆమెకు రోగం. ఆర్‌ఎంపీ కనిపెట్టలేదు, సార్లు కనిపెట్టలేదు, అన్నం కలుపుతూ మా మామ కనిపెట్టాడు. రోగం కరెక్టు, మందు తప్పు. కాలికి చెప్పు కరిస్తే చెప్పు చూసుకోవాలి గాని నడక మానేస్తారా?

"బడి కాదు మామా..." అని మొదలుపెట్టాను. వదిన నా తొడ మీద గట్టిగా గిచ్చింది. తండ్రి ముందు ఆ మాట వస్తే చచ్చిపోతానన్నట్టు చూసింది. నేను నోరు మూసుకుని వంకాయ తిన్నాను. నాకు పడుతుంది.

పువ్వు అయిపోయాక వదిన బడికి వచ్చింది. వారం తిరగలేదు, మళ్లీ జ్వరం. ఈసారి పళ్లు కొట్టుకునేంత చలి. అత్త భయపడి గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయింది. బస్సులో పట్టుకోవడానికి నేను కూడా పోయాను.

అక్కడ మా ముందు ఒక టౌను పిల్ల కూర్చుంది. బూట్లు, టై, మెడలో ఫొటో ఉన్న కార్డు. ఒళ్లో రెండు లీటర్ల సీసా. సీసా మీద గీతలు, ఏ గంటకు ఎంత తాగాలో. నీళ్లు మాత్రం మొదటి గీత మీదే ఉన్నాయి. ఆ పిల్ల తల్లి మా అత్తను పలకరించింది.

"ఏమైందమ్మా మీ పాపకు?"

"వేడి చేసిందమ్మా. మీ పిల్లకు?"

"మా పాపకు యూటీఐ." మా మంటకే ఉన్న ఆ ఇంగ్లీషు పేరును ఆమె ర్యాంకు చెప్పినట్టు చెప్పింది. "ఇంగ్లీష్ మీడియం కదా, ప్రెషర్ ఎక్కువ."

నేను ఆ పిల్ల పక్కకు జరిగి, మెల్లగా, "మీ బళ్లో గూడ బాత్రూంకు తాళమేనా?" అన్నాను.

"తాళం లేదు. మూడంతస్తుల బడికి రెండే ఉన్నయి, కింద. క్లాసులో అడిగితే సారు అందరి ముందు, ఇంత అర్జెంటా అంటడు. బాయ్స్ నవ్వుతరు."

"మరి నీళ్లు?"

సీసా ఊపి చూపించింది. "పొద్దున నింపుతది మమ్మీ. సాయంత్రం చెట్టుకు పోస్త."

ఊరికి, టౌనుకు తేడా ఏమిటని పరీక్షలో వ్యాసం అడుగుతారు కదా. మాకు సీసా లేదు, అంతే.

డాక్టరు ఆడమనిషే, పెద్దావిడ. వరస ఆలస్యం కావద్దని ఇద్దరు పిల్లల్నీ, ఇద్దరు తల్లుల్నీ ఒకేసారి లోపలికి పిలిచింది. పరీక్ష కాగితాలు చూసింది.

"నీళ్లు బాగా తాగుతున్నారా?"

"తాగుతున్నం మేడం." పిల్లలిద్దరూ ఒకే గొంతుతో అన్నారు, పద్యం అప్పజెప్పినట్టు.

"సరిపోదు. రోజుకు మూడు లీటర్లు తాగాలి. ఆపుకోకూడదు." పెన్ను కదులుతోంది.

నాకు వేళాకోళం తప్ప ఇంకేం రాదని మా ఇంట్లో పేరు. ఆ రోజు నోరు తెరిచింది కూడా వేళాకోళానికే. బయటికి మాత్రం ఇంకోలా వచ్చింది.

"మూడు లీటర్లు తాగి యాడికి పోవాలె మేడం?"

అత్త నా మోచెయ్యి పట్టుకుంది. పెన్ను ఆగింది.

"తాళమేసిన బాత్రూంకు పోవాల్నా? మోకాలంత మొక్కల సాటుకు పోవాల్నా? పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం దాక మా బళ్లో ఒక్క ఆడపిల్ల నీళ్లు తాగది. గీమె ఒక్కతే కాదు, మేమంతా గిట్లనే ఉన్నం. మీరు గోళీలు రాస్తరు, గోళీ మింగనీకి నీళ్లు కావాలె, నీళ్లు తాగితే..."

"మాకు కూడా మేడం" అంది టౌను పిల్ల. వాళ్లమ్మ "ఏయ్" అంది.

డాక్టరు అత్త వైపు తిరిగింది. "ఈ ఇన్‌ఫెక్షన్ పైకి పాకిందమ్మా. ఇట్లే వదిలేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి."

అత్త చెంగు నలిపింది. "బడి మాన్పిస్తే తగ్గుతదా అమ్మా?"

"తగ్గుతుంది" అంది డాక్టరు. "బాత్రూం తెరిచినా తగ్గుతుంది."

ఇద్దరికీ ఒకే మందులు రాసింది. ఇంగ్లీష్ మీడియం మందులు వేరే ఉండవట.

మర్నాడు మామ టీసీ కోసం బడికి వచ్చాడు. అత్త ఆయనకు కిడ్నీల సంగతి చెప్పింది, బాత్రూం సంగతి చెప్పలేదు. ఎట్లా చెప్తావే, మొగోనికి, అంది నాతో. అంటే పాపం మామకు తెలిసింది ఇంతే: బడికి పోతే కిడ్నీలు పోతాయి.

నేను హెడ్మాస్టర్ గది గడప దగ్గర నిలబడ్డాను. వదిన వరండాలో స్తంభం పట్టుకుని ఉంది. ఏడవడం లేదు. వేళ్లకు ఇంకా పత్తి మొగ్గల నలుపు ఉంది, దాన్ని గోటితో గీకుతోంది.

"టీసీ ఇయ్యుండ్రి సార్."

"ఆడపిల్లను చదివించాలె. ఆమె చదివితే ఇల్లంత చదివినట్టే" అన్నాడు సారు. అది ఆయన వెనక గోడ మీద రాసి ఉంది. ఆయన వెనక్కి తిరగకుండానే చదివాడు, అభ్యాసం అలాంటిది.

"పానం కంటె ఎక్కువా సార్ సదువు? పిల్లకు బడి పడ్తలేదు."

"మూఢనమ్మకం. బడి పడకపోవుడు ఏముంటది?"

ఒకడికి రోగం తెలుసు, మందు తెలియదు. ఇంకొకడి చేతిలో మందు ఉంది, రోగమే లేదంటాడు. వదిన భవిష్యత్తు వీళ్లిద్దరి మధ్య, టేబుల్ మీద.

"మామా" అన్నాను.

"నువ్వు జర ఆగు కోడలా."

"ఆగి ఆగే గిట్లయింది మామా. వదినెకు బడి పడక కాదు. బాత్రూంకు తాళమేసిండ్రు. పొద్దుగూకే దాక మేము పోం. పోనీకి లేదని నీళ్లు తాగం. అందుకే మంట, అందుకే జ్వరం. చేన్ల నీళ్లు తాగింది, జొన్నల్లకు పోయింది, మంచిగైంది. గంతే. దయ్యం లేదు, భూతం లేదు."

వరండాలో వదిన కొంగు లేని పిల్ల కనుక చున్నీతో ముఖం మొత్తం కప్పేసుకుంది. మామ నేల చూపులు చూశాడు. కొడతాడనుకున్నాను. మెడ గోక్కుని, తనలో తాను, "జొన్నల్లకు పోయింది" అన్నాడు. తర్వాత తలెత్తాడు.

"తాళం చెవి యాడుంది సార్?"

అటెండరు దగ్గర ఉంది. అటెండరు సెలవులో ఉన్నాడు. సారు ఫోన్ చేశాడు. అటెండరు బిజినేపల్లిలో బామ్మర్ది కొడుకు పుట్టువెంట్రుకలు తీయించే దావత్‌లో ఉన్నాడు. గుత్తి జేబులోనే ఉందని, పోలేదని, భయపడొద్దని చెప్పాడు. మా బడి ఆడపిల్లల మూత్రం మొత్తం జిల్లా దాటి, నాగర్‌కర్నూల్ జిల్లాలో, ఒకాయన ప్యాంటు జేబులో భద్రంగా ఉంది.

"రేపు రమ్మంట" అన్నాడు సారు.

మామ బయటికి నడిచాడు. మొక్కల చుట్టూ పేర్చిన సున్నం రాళ్లలో ఒకటి తీసుకున్నాడు. మూడో దెబ్బకు తాళం ఊడింది. తరగతులన్నీ కిటికీల్లోకి వచ్చేశాయి. ఆడపిల్లలం మాత్రం మెడలు సాచి తలుపు వైపే చూశాం. ఆ తలుపు వెనక ఏముంటుందో ఏళ్లుగా ఊహించుకున్నవాళ్లం.

తెల్లటి టైల్సు, మెరిసిపోతున్నాయి. మూల సాలెగూడు. మామ చెప్పులు బయట వదిలి లోపలికి పోయాడు, గుళ్లోకి పోయినట్టు. నల్లా తిప్పాడు. నల్లా ఒకసారి దగ్గింది. అంతే.

"పైపు కనెక్షన్ పెండింగ్‌ల ఉంది" అన్నాడు హెడ్మాస్టర్ సారు, వెనక నిలబడి. "నీళ్లు లేకుండ తెరిస్తే కంపు కొడ్తది కద. అందుకే తాళం."

ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా నేను పళ్లు నూరుకుంటున్నాను. మేము ఖరాబు చేస్తామని ఇన్నేళ్లు మాట పడ్డాం. అక్కడ ఖరాబు చేయడానికి కూడా ఏమీ లేదు. గోడకు, రంగుకు, సీతాకోకచిలుకకు మంజూరు వచ్చింది. ట్యాంకు నుంచి గోడ దాకా పది అడుగుల పైపుకు రాలేదు. ఆ పది అడుగుల కోసం ఒక పిల్ల కిడ్నీలు, ఇంకెంతమంది నడుములో. ఎవరూ దుర్మార్గులు కారు, అదే ఎక్కువ మండుతుంది. అందరూ మంచివాళ్లే, అందరూ పొద్దున ఇంట్లో పనులు కానిచ్చుకుని వచ్చినవాళ్లే.

మామ బాత్రూం ముందు గట్టు మీద కూర్చున్నాడు.

"నీళ్లొస్తే సదువుతది. రాకుంటే టీసీ తీస్కపోత. ఏదొకటి తీస్కొనే పోత సార్."

వదిన నా దగ్గరికి వచ్చి, "మా నాయిన బాత్రూం ముంగల కూసున్నడే. ఊరంత సూస్తుండ్రు. ఇగ నేను బడికి ఎట్లనే వచ్చుడు?" అంది.

"మొన్నటిదాక జ్వరంతోని రాకపోతివి, ఇయ్యాల సిగ్గుతోని రానంటవు. రోగం మారింది, మంచిదే."

నవ్వింది. నొప్పి లేచిందనుకుంటా, నడుం పట్టుకుని మళ్లీ నవ్వింది.

సారు అయిజకు ఫోన్ చేసి ప్లంబర్‌ను పిలిపించాడు. ఆయన రెండో రోజు వచ్చాడు. అప్పటిదాకా మామ పొద్దున వచ్చి కూర్చోవడం, సాయంత్రం లేచిపోవడం. తనకు అవసరమైతే రోడ్డు దాటి చెట్టు వెనక్కి పోయేవాడు. మగవాడు కదా, ఆయనకు దేశమంతా బాత్రూమే. పైపు బిగించారు. తలుపుకు లోపల గొళ్లెం పెట్టారు. తాళం మళ్లీ కొనలేదు.

మూడో రోజు పొద్దున మామ రాలేదు. టీసీ మాట ఎత్తలేదు. వదిన వచ్చింది. ఇంటర్వెల్‌లో కుండ దగ్గరికి పోయి గ్లాసు ముంచింది. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఆరో తరగతి పిల్లలు నోరు తెరుచుకుని చూస్తున్నారు, అక్క విషం తాగుతున్నట్టు. వదిన కళ్లు మూసుకుని గ్లాసు ఖాళీ చేసింది. ఇంకో గ్లాసు ముంచింది. అదీ తాగింది. నా వైపు చూసి, "పా" అంది.

అందరం వెంట పోయాం. వదిన సీతాకోకచిలుక తలుపు తోసి, నల్లా తిప్పింది. నల్లా దగ్గింది.

మోటారు ఎవరూ వేయలేదు. ట్యాంకు నిండడానికి అరగంట పడుతుంది కాబట్టి ప్రార్థనకు ముందే స్విచ్ వేయాలి, ఆ పని ఎవరిదో ఎవరూ చెప్పలేదు.